అట్టముక్కల పాఠం

"అట్టలు అయినయా?" అని స్నానాల గదిలోంచి మా ఆయన కేక వేసినప్పుడు నేను ఒక చేత్తో పెనం మీద దోశ తిప్పుతూ, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని ఉన్నాను. పాత పెళ్ళిపత్రికలు వెనకవైపు తెల్లగా ఉంటాయి కదా, వాటిని అరచేయంత ముక్కలుగా కత్తిరించి మాటలు రాస్తాను. మా బడిలో రెండో తరగతి పిల్లల కోసం ఎప్పుడూ చేసుకునే పనే. ఇవాళ మాత్రం ఆ ముక్కలు మా ఆయన బ్యాగులోకి పోతాయి. ఇవాళ శిక్షణలో మోడల్ క్లాసు చెప్పేది సాయినాథ్ సార్, అంటే మా ఆయనే. పాఠం ఆయన చెప్తాడు, చెమటలు మాత్రం నాకు పడుతున్నాయి.

మేమిద్దరం సర్కారు టీచర్లమే. కాపురం సిరిసిల్లలో. ఆయన బడి చందుర్తి దిక్కు, నాది తంగళ్ళపల్లి మండలంలో ఒక ఊళ్ళో. ఈసారి రెండు మండలాల టీచర్లకూ కలిపి మా బడి పక్కనున్న హైస్కూల్లోనే శిక్షణ పెట్టారు. మా అత్తమ్మ రాజమణికి ఈ శిక్షణల మీద గట్టి అభిప్రాయమే ఉంది. "కుర్చీల కూసోని చాయ్ బిస్కెట్లు తినుడే గద శ్రీవాణీ, గా మాత్రానికే అలసటేంది?" అంటుంది నన్ను. అదే శిక్షణ నుంచి, అదే బండి మీద నాతోపాటే దిగిన కొడుకును మాత్రం, "తల నొస్తుందా కొడుకా, జర సేపు ఒరుగు" అంటుంది. ఆయన ఒరుగుతాడు. నేను వంటింట్లోకి పోతాను.

ఏ శిక్షణకు పోయినా ఒకటే తంతు. మమ్మల్ని గుంపులు చేస్తారు, గుంపుకో చార్టు ఇస్తారు. "మేడం, మీ రాత బాగుంటది, మీరే రాయండి" అంటారు సార్లు. మేం కింద మోకాళ్ళ మీద కూర్చుని స్కెచ్ పెన్నులతో రాస్తాం. తర్వాత ఓ సార్ ఆ చార్టు పట్టుకుని ముందుకు పోయి నిలబడి చదువుతాడు. చప్పట్లు నిలబడ్డవాళ్ళకే. నా ఉద్యోగం సగం మోకాళ్ళ మీదే గడిచిపోయింది. ఒక్కసారైనా నేను లేచి నిలబడి ఉంటే ఇవాళ ఈ బాధ ఉండేది కాదేమో.

మొదటి రోజు మేమిద్దరం ఒకే గుంపులో పడ్డాం. చదవడం రాని పిల్లలకు ఏం చేస్తున్నారో చెప్పమన్నారు. నేను నా అట్టముక్కల గురించి చెప్పాను. రోజూ ఒక్కొక్క పిల్ల ఇంటి నుంచి ఓ మాట తెస్తుంది. పచ్చిపులుసు, బొంత, సైలెన్సర్, ఏదైనా సరే. నేను దాన్ని అట్టమీద రాసిస్తాను. ఆ అట్ట ఇక ఆ పిల్లది. మిగతావాళ్ళకు చదవడం రాకపోతే ఆ పిల్లనే అడగాలి. టీచరు చదివి చెప్పకూడదు. ఈ చివరి నియమం నాకు ఊరికే దొరకలేదు. మొదట్లో ఓసారి ఓ పిల్ల తెచ్చిన మాటను నేనే గడగడా చదివేస్తే, దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చేతిలోది ఎవరో లాక్కున్నట్టు చూసింది. ఆ చూపు తర్వాత నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. ఆ ఏడాది మా తరగతిలో చదవలేని పిల్లలు మిగల్లేదు.

అదంతా చార్టు మీద రాశాను. మా ఆయన నిలబడి చదివాడు. "మేం ఇంట్ల ట్రై చేసి డెవలప్ చేసిన మెథడ్ సార్" అన్నాడు. శిక్షణ నడిపిస్తున్న దశరథం సార్ లేచి చప్పట్లు కొట్టాడు. "శభాష్ సాయినాథ్. ఆఖరి రోజు మోడల్ క్లాస్ నువ్వే చెప్పాలె. వీడియో తీసి జిల్లాకు పంపుదాం. అక్కడ నచ్చిందంటే ఇగ జగిత్యాల, కోరుట్ల ట్రైనింగులకు నిన్నే పంపుతరు." నా చేతికి ఇంకా ఆకుపచ్చ రంగు అంటుకునే ఉంది. దాన్ని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంటూ కూర్చున్నాను.

కోరుట్ల. మా అమ్మగారి ఊరు. పెళ్ళయ్యాక అక్కడికి పోవాలంటే ఓ పండుగ రావాలి, లేదా ఎవరికో పాణం బాగా లేకపోవాలి. నా పని మీద నేను, నా బ్యాగు తగిలించుకుని, అక్కడి టీచర్ల ముందు నిలబడి మాట్లాడడం. అంత చిన్న కోరిక. ఆ రోజు బండి మీద వస్తూ వెనక నుంచి మెల్లగా అన్నాను, "మోడల్ క్లాస్ నేను చెప్తే బాగుండు." ఆయన నవ్వాడు. "నీది నాది ఏంది వాణీ? ఇంట్లదే గద. ఎవలు చెప్తే ఏంది? నువ్వేమో మైకు చూస్తే తడబడ్తవ్. రేపు జగిత్యాల పొమ్మంటే పోతవా? అమ్మకు మోకాళ్ళ నొప్పులాయె, పాపకు ట్యూషనాయె." అన్నీ నిజాలే. నిజాలన్నీ ఎప్పుడూ ఆయన వైపే ఎందుకు ఉంటాయో మాత్రం అర్థం కాదు.

ఇవాళ పొద్దున దోశ పెడుతూ చెప్పాను, "అట్టను మీరు చదువొద్దు. మరిచిపోకండి." ఫోను చూస్తూ "ఆ, తెలుసు తెలుసు" అన్నాడు. ఇంకోసారి చెబితే విసుక్కుంటాడు. చెప్పకపోతే, తప్పయ్యాక "నువ్వు చెప్పలే" అంటాడు. ఇంకో సంగతి కూడా ఉంది. క్లాసుకు తెచ్చేది మా బడి పిల్లలనే. నా పిల్లలనే, అట్టల మీద రాసినవీ వాళ్ళు తెచ్చిన మాటలే. అది ఆయనకూ తెలుసు. దాని గురించి ఆలోచించాల్సిన అవసరం మాత్రం ఆయనకు కనిపించలేదు. ఆయన బాగా చెప్పాలని ఓ క్షణం కోరుకున్నాను, తడబడాలని ఇంకో క్షణం. బాగా చెబితే ఆ పాఠం ఇక ఎప్పటికీ ఆయనదే. తడబడితే ఆ నింద ఇంటికొచ్చి నా నెత్తిన పడుతుంది. రెండింటికీ భయమే.

హాల్లో పిల్లల్ని కార్పెట్ మీద కూర్చోబెట్టారు. చుట్టూ కుర్చీల్లో టీచర్లు. ఫోను స్టాండు మీద పెట్టి వీడియో మొదలుపెట్టారు. నేను చివరి వరుసలో, ఓ లావుపాటి సార్ వెనక దాక్కున్నట్టు కూర్చున్నాను. మా ఆయన హుషారుగానే మొదలుపెట్టాడు. ఆయనకు గొంతు ఉంది, నవ్వు ఉంది. పిల్లలు ఓ మాట చెబుతారు, మెడ తిప్పి వెనక్కి చూస్తారు. ఇంకో మాట చెబుతారు, మళ్ళీ వెనక్కి. ఆ లావుపాటి సార్ పక్క నుంచి నన్ను ఎప్పుడో కనిపెట్టేశారు.

అప్పుడు శ్రీజ అట్ట ఆయన చేతికి వచ్చింది. వాళ్ళమ్మ ఇంట్లో కూర్చుని మరమగ్గాల్లో పెట్టే కండెలకు దారం చుడుతుంది. ఆ పిల్ల మా తరగతికి తెచ్చిన మొదటి మాట అది. మా ఆయన అట్టను పైకెత్తి, కెమెరా వైపు చూపించి, "కండె!" అని చదివేశాడు. "అందరు అనండి, కండె."

ఎవరూ అనలేదు. శ్రీజ లేచి నిలబడింది.

"సార్, గది నా మాట. నేనే చెప్పాలె."

టీచర్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. "ఎవలు చెప్తే ఏంది బిడ్డా? కూసో." ఇదే మాట, ఇదే నవ్వు, బండి మీద. నేను ఆ రోజు కూర్చున్నాను. శ్రీజ కూర్చోలేదు. "నా మాట సార్" అని మళ్ళీ అని, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. దానితోపాటు కార్పెట్ మీదున్న పిల్లలంతా నా వైపు తిరిగారు. కెమెరాకు అందరి వీపులే కనిపించి ఉంటాయి.

మా ఆయన మొహం ఎర్రబడింది. "మేడం," అన్నాడు. హాల్లో నేను ఆయనకు మేడంనే. "మీరు జర బయట కూసోండి. మిమ్ముల చూసి పిల్లలు డిస్టర్బ్ అయితున్నరు."

"అవు మేడం," అన్నాడు దశరథం సార్, "అట్లనే చాయ్ వచ్చిందేమో సూడండి."

లేచాను. ఏం చేస్తాను, అలవాటు. కుర్చీల మధ్య నుంచి కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చాను. వరండాలో బల్ల మీద చాయ్ ఫ్లాస్కు, పక్కన కాగితం కప్పులు. చేతులు వాటంతట అవే కప్పులను వరసగా పేర్చడం మొదలుపెట్టాయి. లోపల నుంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది, ముందుకంటే గట్టిగా. "బొంత, అనండి." "బొంత" అన్నారు పిల్లలు. ఏ పిల్లదో ఆ మాట, అందరి నోట్లో ఒకటైపోయింది. చదవడం కాదది. పొద్దున్నే ప్రార్థనలో అప్పజెప్పినట్టు ఉంది. ఆ గొంతుల్లో శ్రీజ గొంతు లేదు. దాని గొంతు నాకు తెలుసు.

నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇప్పుడు లోపలికి పోతే ఏమవుతుంది? సాయంత్రం బండి మీద ఆయన మాట్లాడడు. అత్తమ్మ "నలుగుర్ల వాని ఇజ్జత్ తీసినవు" అంటుంది. కోరుట్లలో అమ్మ కూడా అదే అంటుంది, కొంచెం మెత్తగా. స్టాఫ్ రూముల్లో ఏడాదంతా మా ముచ్చటే నడుస్తుంది. అన్నీ వరసగా కళ్ళముందు కనిపించాయి. పోకపోతే ఏమవుతుంది? రేపు నా తరగతిలో శ్రీజ ఇంకో మాట తేదు. తెచ్చి ఏం లాభమని ఆ పిల్లకు ఇవాళే తెలిసిపోతుంది. నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కప్పులు అక్కడే వదిలేశాను.

తలుపు తీసేసరికి శ్రీజ ఇంకా నిలబడే ఉంది. కుర్చీలు దాటి, కార్పెట్ దాటి ముందుకు పోయాను. వీడియో నడుస్తూనే ఉంది. మా ఆయన చేతిలోని అట్టముక్కలు పట్టుకున్నాను. ఆయన వదల్లేదు, మెల్లగా "ఏందిది వాణీ?" అన్నాడు. నేను కూడా మెల్లగానే అందామనుకున్నాను. గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది.

"గిది నా పాఠం సార్. నేనే చెప్పాలె."