మగ్గుతోనే మారుస్తా

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పానో లేదో, మా ఆయన నా చెయ్యి పట్టుకుని మంచం వైపు లాగాడు.

"ముందు పడుకో."

"ముందు వాణ్ణి చూడనివ్వండి."

వాడంటే చేప. నారింజ రంగు ఒంటి మీద తెల్లచారలు, నా బొటనవేలంత ఉంటాడు. పేరు అల్లుడుగారు. పొద్దస్తమానం ఓ మూల కూర్చుని, వేళకి తిండి పడకపోతే అద్దానికి మూతి ఆనించి మిర్రిమిర్రి చూస్తాడు కాబట్టి ఆ పేరు పెట్టాను. అది విని మా అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. అసలు అల్లుడు మాత్రం నవ్వి ఊరుకున్నాడు, పాపం మంచివాడు.

నేను దర్జీని. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టాను. వాళ్ళు చెప్పిన కాలరు, వాళ్ళు చెప్పిన జేబు, వాళ్ళు చెప్పిన పొడుగు. ఎవరి కొలతలూ లేకుండా నా ఇష్టానికి నేను పెట్టుకున్నది ఈ ఉప్పునీళ్ళ ట్యాంకు ఒక్కటే. కొత్త ట్యాంకంటే చంటిపిల్లతో సమానం, నీళ్ళు కుదురుకునేదాకా కనిపెట్టుకుని ఉండాలి. సరిగ్గా అప్పుడే నా గుండె మొరాయించింది. ఛాతీ కోసి కుట్టారు. ఆ కుట్లు చూసి, నేనైతే ఇంకాస్త నీటుగా వేసేదాన్ని అని డాక్టరుతోనే అన్నాను.

ట్యాంకు అద్దం దగ్గరికెళ్తే అల్లుడుగారు ఎదురు రాలేదు. రాయి చాటున పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. ఉప్పు చూసే మీటరు ముంచితే ముల్లు ఎర్రగీత దాటి పైకెక్కి కూర్చుంది.

"ఏవండీ, నీళ్ళు తగ్గినప్పుడల్లా ఏం పోశారు?"

"ఉప్పునీళ్ళే! నువ్వు ప్యాకెట్టు ఉప్పు కలపడం చూశాగా, అలాగే కలిపి పోశాను. ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు" అన్నాడు గర్వంగా.

నెత్తి కొట్టుకున్నాను. "ఆవిరయ్యేది నీళ్ళండీ! ఉప్పు ఎక్కడికి పోతుంది? తగ్గినంత మేరకి మంచినీళ్ళు పోయాలి. పాతనీళ్ళు తీసేసి మార్చేటప్పుడే ఉప్పు కలిపినవి పోసేది. మీరు రోజుకింత చొప్పున వాణ్ణి ఊరబెట్టారు!"

ఆయన మొహం చిన్నబోయింది. బస్సు నడిపీ నడిపీ కాయలు కాచిన చేతుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. నాకూ మనసు చివుక్కుమంది. ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ కూడా మర్చిపోకుండా చేశాడు, ఇక ఏమని తిట్టను?

"అయితే మొత్తం పారబోసి కొత్తవి పోసేద్దాం" అన్నాడు.

"ఒక్కసారే మారిస్తే వాడు తట్టుకోలేడు. రోజూ కాసిని తీసేసి, ఉప్పు తక్కువగా కలిపినవి కాసిని పోస్తూ మెల్లగా దించాలి."

"రోజూనా? బకెట్లు మోసేదెవరు?"

"నేను."

"బరువులెత్తొద్దని డాక్టరు మొత్తుకున్నాడు!"

"అయితే మీరు మొయ్యండి."

"నేను మొయ్యను. ఆ చేప ఎలాగూ దక్కదు. అది నీ కళ్ళముందు చస్తే నీ గుండె ఊరుకోదు. ట్యాంకు అమ్మిన షాపతనికి చెప్తా, ఆదివారం వచ్చి ట్యాంకుతో సహా పట్టుకుపోతాడు."

అన్నంత పనీ చేశాడు. నా ఎదురుగానే ఫోన్ కొట్టి చెప్పేశాడు. అమ్మాయికి ఫోన్ చేసి మొర పెట్టుకుంటే, "నాన్న చెప్పింది వినమ్మా, నీకెందుకిప్పుడీ గోల" అంది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకటైపోయారు. నన్నడిగినవాళ్ళు లేరు.

నాకు తిక్క రేగింది. బకెట్టేగా ఎత్తకూడదు? ఖాళీ బకెట్టుని కాలితో తోసుకుంటూ వెళ్ళి వంటింట్లో ఫిల్టరు కుళాయి కింద పెట్టాను. నిండాక ఉప్పు తగ్గించి కలిపి, అంతా కరిగేలా అందులో చిన్న మోటారు వేసి తెల్లారేదాకా తిప్పాను. పొద్దున్నే సన్నపైపు ఒక కొస ట్యాంకులో ముంచి, రెండో కొస బాత్రూమ్ దాకా పాకించి నోటితో పీల్చాను. థూ! నోరంతా ఉప్పుమయం. పాతనీళ్ళు వాటంతటవే దిగిపోయాయి. ఇక మిగిలింది కొత్తవి పొయ్యడం. మగ్గు తీసుకున్నాను. వంటింట్లో ముంచడం, హాల్లోకి నడవడం, మెల్లగా ఒంపడం, మళ్ళీ వెనక్కి.

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. "ఏంటే ఈ మొండితనం?"

"రోజూ నడవమని డాక్టరు చెప్పాడుగా. నడుస్తున్నాను."

పేపరు మళ్ళీ పైకి లేచింది. ఆదివారం దాకా ఇదే వరస. మధ్యమధ్యలో ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడేదాన్ని. అలుపు తీరగానే లేచేదాన్ని. ముల్లు రోజూ కాస్త దిగుతోంది. అల్లుడుగారు మాత్రం మెతుకు ముట్టలేదు.

ఆదివారం షాపతను అట్టపెట్టెలతో దిగాడు. నేనింకా నీళ్ళు పోస్తూనే ఉన్నాను. అతను వంగి చూసి పెదవి విరిచాడు. "ముల్లు సరైన చోటికే వచ్చిందమ్మా. చేప సంగతే చెప్పలేం. బతకొచ్చు, బతక్కపోవచ్చు."

"విన్నావా?" అని మా ఆయన ఒక్కసారిగా గొంతు పెంచాడు. "ఇవాళో రేపో పోతుందది! నువ్వు కుప్పకూలితే నేనేం కావాలి? ఆ ఆపరేషన్ గది బయట బల్ల మీద నేనెలా కూర్చున్నానో నీకేం తెలుసు? నీకు మత్తిచ్చారు. నాకెవరిచ్చారు?"

ఆ మాటకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగ్గు మాత్రం వదల్లేదు.

"పోతే ఏడుస్తాను. వీధంతా వినపడేలా ఏడుస్తాను. ఏడవడానిక్కూడా మీ పర్మిషన్ కావాలా? డాక్టరు బరువులెత్తొద్దన్నాడు గానీ దేని మీదా ప్రేమ పెట్టుకోవద్దనలేదు. మీకు భయంగా ఉంది. నాకు లేదనుకున్నారా? రాత్రి పడుకునేటప్పుడు తెల్లారి లేస్తానో లేదో అనుకుంటూనే పడుకుంటున్నా. అలాగని బతికున్నన్నాళ్ళూ మీరు పెట్టిన మూల కూర్చోను. ఈ ట్యాంకు గుమ్మం దాటిందో, దాని వెనకే నేనూ దాటుతా. ఆ తర్వాత మీ ఇష్టం."

షాపతను పైకప్పులో ఏదో వెతుకుతున్నట్టు తల పైకెత్తేశాడు.

మా ఆయన నా చేతిలో మగ్గు వంకా, ఆ అట్టపెట్టెల వంకా చూశాడు. తర్వాత, "నువ్వెళ్ళిరా బాబూ" అని అతన్ని పంపించి తలుపు వేశాడు. వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన నీళ్ళతో బకెట్టు మోసుకొచ్చి, నా చేతికందే ఎత్తులో ట్యాంకు పక్కన స్టూలు మీద పెట్టాడు. మగ్గు కూడా లాక్కుంటాడేమోనని గట్టిగా పట్టుకున్నాను.

లాక్కోలేదు. పక్కకి జరిగి నిలబడి, "కానియ్" అన్నాడు.