రివైండ్ చేయని క్యాసెట్

నాచారం మెయిన్ రోడ్డు మీద, పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే గిరిప్రసాద్ షాపు షట్టరు లేచాక మొదటి పని ఊడ్వడం. ముందురోజు నడిపిన పెళ్లి క్యాసెట్లలోంచి రాలిన అక్షింతలు కౌంటరు కిందా కుర్చీల సందుల్లోనూ పడి ఉంటాయి. వాటిని చేటలోకి ఎత్తి పావురాలకు వేసి, అగరుబత్తి వెలిగించాకే కంప్యూటర్ ఆన్ చేస్తాడు. వానలో జరిగిన పెళ్లి క్యాసెట్ ఉన్న రోజున బకెట్టూ గుడ్డా ముందే దగ్గర పెట్టుకుంటాడు. పాత టేపు తిప్పితే లోపలిది కొంత బయటికి రావడం మామూలే. పక్కనున్న టిఫిన్ సెంటర్ వాళ్లు కూడా, "ఇయ్యాల ఎవరిదో గృహప్రవేశం నడుస్తున్నట్టుంది, పాలు పొంగిన వాసనొస్తుంది" అనుకుని పిండి రుబ్బుకుంటారు.

గిరిప్రసాద్‌కి వీడియో లైబ్రరీ నడిపిన రోజుల నుంచి ఒక అలవాటు ఉంది. క్యాసెట్ అయిపోగానే మొదటికి తిప్పందే డబ్బాలో పెట్టడు. తిప్పకుండా తెచ్చిచ్చిన వాళ్లతో అప్పట్లో వీధికెక్కి పోట్లాడాడు. లైబ్రరీ పోయింది, పెళ్లిళ్లకు తిరిగిన కెమెరా అటకెక్కింది, అలవాటు మాత్రం వేలికి అంటుకునే ఉంది.

మాఘమాసంలో ఒక ఉదయం ఆ షాపుకి గంగాధరరావు, అనంతలక్ష్మి వచ్చారు. రేపల్లె వైపు వాళ్లు. ఆయన హబ్సిగూడలో ఒక పరిశోధనశాలలో సాంకేతిక ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మిక్సీ కొనాలన్నా నెల రోజులు చదివి, నలుగురిని అడిగి, చివరికి పాతదే బాగు చేయించుకునే మనిషి. ఆవిడ నాచారం ఆడవాళ్ల కోలాటానికి నాయకురాలు. కాదు, రెండేళ్ల కిందటి వరకు నాయకురాలు. థైరాయిడ్ గడ్డకి ఆపరేషన్ చేశారు, గడ్డతో పాటు గొంతూ పోయింది. అలా జరగొచ్చని డాక్టర్లు ముందే చెప్పారు కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది. ఇప్పుడావిడ మాట్లాడితే గాలే వస్తుంది. భర్తను పిలవాలంటే వంటింట్లోంచి కోలాటం కర్రలు రెండూ టకటకమనిపిస్తుంది. ఆయన వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఆ కర్రల వైపు చూడకుండా ఏం కావాలని అడుగుతాడు.

"శివరాత్రికి కీసర గుట్ట మీద మాకు సాయంత్రం ఆట ఇచ్చారండీ" అన్నాడు గంగాధరరావు, సంచీలోంచి క్యాసెట్ తీస్తూ. "పాట పాడేవాళ్లు లేకపోతే ఇంక బృందమే ఉండదు. ఉప్పల్ వాళ్లలో కలిసిపోవాల్సిందే."

ఉప్పల్ బృందాన్ని నడిపేది బిందుమాధవి. పెద్ద స్పీకర్లలో రికార్డు పాట పెట్టి ఆడిస్తుంది. కలిసిపోదాం రండని మర్యాదగానే కబురు పంపింది. ఆ కబురు విన్న రోజు అనంతలక్ష్మి అన్నం ముట్టలేదు. ఎందుకంటే కోలాటంలో పాడే మనిషి కళ్లు ఆడేవాళ్ల కాళ్ల మీద ఉంటాయి. ఒకామె అలిసిపోతే పాట నెమ్మదించాలి, వలయం బిగుసుకుంటే పాట పరుగెత్తాలి, అడుగుల వరస, అదే కోపు, మార్చాల్సిన చోట కేక పడాలి. రికార్డు ఎవరి కాళ్లూ చూడదు. ఆవిడకి కావలసింది పాట కాదు, గొంతు.

ఆ గొంతు క్యాసెట్‌లో ఉంది. పాతికేళ్లు దాటిన కాలనీ వినాయక చవితి కోలాటం. కాకపోతే గంగాధరరావు దాన్ని ఏళ్ల తరబడి టీవీ స్టెబిలైజర్ మీద పెట్టాడు. అయస్కాంతం పక్కన టేపు పెట్టకూడదని ఊరందరికీ చెప్పిన పెద్దమనిషే ఆ పని చేశాడు. బొమ్మ నీరసించి, వణుకుతోంది.

వీసీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టడానికి ఆయన మొదట తెచ్చింది బొటనవేలంత యూఎస్‌బీ పరికరం. అన్నిట్లోకీ చౌకది. టేపు తిరిగింది. తెర మీద చిలకాకుపచ్చ చీరలో వయసులో ఉన్న అనంతలక్ష్మి పాట అందుకుంది. గదంతా కర్పూరం వాసన వచ్చింది. గొంతు స్పీకర్‌లోంచి దిగి కుర్చీలో కూర్చున్న ఆవిడ ముందు ఆగింది. ఆవిడ నోరు తెరిచి, మాత్ర మింగినట్టు గుటక వేసింది.

"ఇగ రివైండ్ చెయ్యద్దు సార్" అని గిరిప్రసాద్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "కింద పడ్డ బియ్యం పడ్డట్టే ఉంటయి గానీ, గాలి, గొంతు అసుంటివి వెనక్కి తిప్పితే మళ్ల లోపలికే పోతయి."

గొంతు వచ్చింది గానీ ఆలస్యంగా వస్తోంది. వణికే బొమ్మలో ఆ పరికరం కొన్ని ఫ్రేములు జారవిడుస్తోంది, దాంతో మాటా పెదవీ విడిపోయాయి. ఉప్పల్ మార్కెట్‌లో ఆవిడ దొండకాయలు ముదిరాయని పెదవి కదిపింది. ఆ మాట ఆవిడ పూలకొట్టు ముందుకు చేరాక వినబడింది. పూలమ్మే ఆమె మనసు కష్టపెట్టుకుంది. ఇంట్లో భర్తను పిలిస్తే, పిలుపు వచ్చేసరికి ఆయన వాకింగ్‌కి వెళ్లిపోయాడు. ఇలాగైతే పాట ఒక వైపు, కర్రలు ఒక వైపు. షాపుకి వచ్చి టేపు వెనక్కి తిప్పించుకున్నారు. గొంతు బుద్ధిగా లోపలికి వెళ్లిపోయింది.

రెండోది ఇనుప డబ్బా, ఖరీదైనది. గంగాధరరావు దాని గురించి మూడు దేశాల వాళ్ల అభిప్రాయాలు చదివాడు. బొమ్మ అద్దంలా వచ్చింది, మాట పెదవికి అతుక్కుని వచ్చింది. అయితే దానికి అనుమానం ఎక్కువ. టేపులో నీరసం కనబడిన చోటల్లా ఇదేదో కాపీ చేయకూడని సినిమా క్యాసెట్ అనుకుని తెరంతా నీలం చేసి గొంతు నొక్కేస్తోంది. అలా నొక్కిన చోట్లు అనంతలక్ష్మికి అలాగే దిగాయి. గొంతు పెంచితే చాలు, మాట మాయం. వంటింట్లోంచి "ఏవం" అని వినబడింది, అంతే. ఆయన పరుగున వచ్చేసరికి ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"కోపం వచ్చినప్పుడు మాట ఆగిపోతోంది. ఒక విధంగా మంచి పరికరమే" అన్నాడు గంగాధరరావు, నవ్విద్దామని. ఆవిడ నవ్వలేదు. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. మూడో పరికరం గురించి చదవడం మొదలుపెట్టాడు. శివరాత్రికి ఇంకో వారం కూడా లేదు.

ఆ సాయంత్రం రాజ్యం వచ్చింది. మల్లాపూర్‌లో టైలరింగ్ చేస్తుంది, కోలాటంలో మొదటి నుంచీ అనంతలక్ష్మి కుడిపక్కన ఆడే మనిషి.

"ఏందన్నా, ఇంకా చదువుతనే ఉన్నవా? గీ సదువు అయ్యేసరికి వచ్చే శివరాత్రి గూడా అయిపోతది" అంది.

"తప్పు పరికరాలది కాదమ్మా" అన్నాడు ఆయన, కళ్లజోడు తీసి. "టేపు వణుకుతోంది. మధ్యలో ఆ వణుకు ఆపేది ఒకటి ఉండాలి. పాతకాలం డీవీడీ రికార్డర్ ఒకటి దొరికితే, బొమ్మని దాని గుండా పంపిస్తే నిలకడ వస్తుందట. ఇప్పుడవి ఎక్కడ దొరుకుతాయి?"

"డీవీడీ రికార్డరా? మా ఇంట్ల కుట్టుమిషన్ ఊగకుండా కాలు కింద పెట్టిన గదా!"

మర్నాడు రాజ్యం దాన్ని దూదీ దారప్పోగులూ దులిపి షాపుకి పట్టుకొచ్చింది. గిరిప్రసాద్ టేపు వెనక్కి తిప్పి, ఆ తెగిపోయే గొంతును లోపలికి పంపేసి, వైర్లు కలిపాడు. గంగాధరరావు ఒక్కో చేత్తో ఒక్కో పరికరం పట్టుకుని, "ముందు రెండింటినీ పోల్చి చూసి..." అని మొదలుపెట్టాడు.

అనంతలక్ష్మి లేచి, బొటనవేలంత చౌక పరికరాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంది. గాలిగొంతుతోనే, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చెప్పింది.

"ఇది ఆలస్యం చేసింది. కానీ నా మాట ఒక్కటీ మింగలేదు."

ఆయన ఇనుప డబ్బాని సంచీలో పెట్టేశాడు.

టేపు తిరిగింది. వణుకు లేదు. చిలకాకుపచ్చ చీర నిలకడగా, నిండుగా కనబడింది. ఈసారి కర్పూరం ఒక్కటే రాలేదు. ఉండ్రాళ్ల ఆవిరి వచ్చింది, పందిట్లో పిల్లల అరుపులు వచ్చాయి, ఎవరిదో మల్లెమాల వచ్చి కీబోర్డు మీద పడింది. చివర గొంతు వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని మింగింది. తెర మీది అనంతలక్ష్మి పెదవులు ఆడుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. టేపు అయిపోయింది.

సంతోషంలో గిరిప్రసాద్ ఒళ్లు మరిచిపోయాడు. జేబులో ఉండాల్సిన చెయ్యి బయటికొచ్చింది, పాత అలవాటు వేలిని రివైండ్ మీటకి తీసుకెళ్లింది.

"ఆగు గిరిప్రసాద్!"

ఆ కేక పెదవితో పాటే వచ్చింది. ఆలస్యం లేదు, విరుపు లేదు. పక్క టిఫిన్ సెంటర్‌లో దోసె తిప్పే మనిషి అట్లకాడ ఎత్తి ఆగిపోయాడు. గిరిప్రసాద్ వేలు మీట మీదే ఆగిపోయింది. రాజ్యం ముందు నవ్వింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మాఫ్ చెయ్యక్కా" అన్నాడు గిరిప్రసాద్. ఆ క్యాసెట్‌ని తిప్పకుండానే డబ్బాలో పెట్టాడు. జీవితంలో మొదటిసారి.

శివరాత్రి సాయంత్రం కీసర గుట్ట కింద కాలు పెట్టే సందు లేనంత జనం. ఉప్పల్ బృందం ముందు ఆడింది. బాగానే ఆడారు. కాకపోతే ఒక ముసలామె కాళ్లు తడబడినా స్పీకర్ తన పాటికి తాను పరుగెత్తింది, ఆమె వలయంలోంచి తప్పుకుని పక్కన కూర్చుంది. అనంతలక్ష్మి అది చూసింది.

నాచారం వంతు వచ్చింది. ఆవిడ మైకు వద్దంది. వలయం మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంది. అరవై దాటిన మనిషిలోంచి ముప్పై దాటిన గొంతు గుట్ట మెట్ల దాకా వెళ్లింది. దర్శనానికి వరసలో నిలబడ్డ వాళ్లు వరస పోతుందని కూడా చూసుకోకుండా తిరిగి చూశారు. కర్రలన్నీ కలిసి ఒకే చప్పుడు చేశాయి. ఆవిడ పాడుతూనే వెళ్లి ఆ ముసలామె చెయ్యి పట్టి లేపింది, పాటను ఆమె కాళ్లంత నెమ్మదిగా చేసింది, కాళ్లు కుదురుకున్నాక మెల్లగా వేగం పెంచింది.

"కోపు మార్చండమ్మా!" అని కేక వేసింది.

ఉప్పల్ ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వలయంలో కలిశారు. చివరికి బిందుమాధవి కూడా చెప్పులు వదిలేసి వచ్చింది. "అక్కా, వచ్చేసారి మాకు గూడా నువ్వే పాడాలె" అని ఆడుతూనే అరిచింది. వలయం రెండయింది, రెండు మూడయ్యాయి. దుమ్ము లేచింది. పాట ఆగగానే జనం ఈలలు వేశారు.

ఆ జనంలో గంగాధరరావు ఎక్కడో వెనకాల, నీళ్ల సీసా పట్టుకుని, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే నిలబడి ఉన్నాడు. అనంతలక్ష్మి చెమట తుడుచుకుంటూ చుట్టూ వెతికింది. ఆయన కనబడలేదు. కర్రలు చేతిలోనే ఉన్నాయి, కానీ వాటిని మోగించలేదు.

"ఏవండీ!" అని పిలిచింది.

గుట్ట కింద ఉన్న భర్తలందరూ ఇటు తిరిగారు. గంగాధరరావు అప్పటికే జనాన్ని తోసుకుంటూ నడుస్తున్నాడు.