డబ్బా మీది జలపాతం

నిక్కో జలపాతం దగ్గర మా టూరు బస్సు అరగంట ఆగింది. చూసొద్దామంటే మా ఆవిడ కినుయో నా మీద ఇంతెత్తున లేచింది. "వట్టి చేతులతో ఇంటికెళ్తే పక్కింటి హత్సుయే గారికి మొహం ఎలా చూపించను?" అంటూ నన్నూ లాక్కెళ్ళి మిఠాయి కొట్టు లైనులో నిలబెట్టింది. డబ్బా చేతికొచ్చేసరికి గైడు జెండా ఊపేసింది. జలపాతం హోరు మాత్రం చెవులారా విని బస్సెక్కాం.

మర్నాడు డబ్బా అందుకుంటూ హత్సుయే అడిగింది, "జలపాతం ఎలా ఉందండీ?"

మా ఆవిడ డబ్బా మీది బొమ్మకేసి ఓరగా చూసి, "అబ్బ, ఎంత ఎత్తనుకున్నారు! పాలు పోసినట్టుంది," అంది.

హత్సుయే కూడా బొమ్మ చూసింది.

"అవునవును, పోయినేడు నేను వెళ్ళినప్పుడూ అచ్చం ఇలాగే ఉంది. లైను ఇంకా అంత పొడుగ్గానే ఉంటోందా?"