ఎనిమిదో లక్షణం

కరుణాకర్ మీద రోజారాణికి ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే: మనిషి మరీ నిజాయితీపరుడు. అటువంటి మొగుడితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. సర్కారు బడి సారు బిడ్డ సర్కారు బడిలోనే చదవాలని నవ్యశ్రీని తన మూడో తరగతిలోనే కూర్చోబెట్టుకున్నాడు. పేపర్లో ఫోటో కూడా వచ్చింది. అందులో తండ్రీ బిడ్డా ఉన్నారు. బిడ్డకు జడలు వేసి, సారు చొక్కా ఇస్త్రీ చేసిన చేతులు మాత్రం పడలేదు.

ఆ చేతులకు మంచి దస్తూరి ఉంది. బీఎస్సీ చదివినందుకు మిగిలింది అదే. సారు రాత కోడి కెలికినట్టు ఉంటుంది కాబట్టి ఏ మీటింగుకైనా చార్టులు ఆమే రాస్తుంది. "ఇంట్ల నీకు పనేముంటది, జర రాయి" అంటాడు. చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇస్తే అక్కడికి పోయాకే విప్పుతాడు. ఈసారి నలభై మంది టీచర్ల ముందు అతను చెప్పాల్సింది బడి పిల్లల మానసిక ఆరోగ్యం గురించి. కష్టంలో ఉన్న పిల్లలను గుర్తుపట్టే లక్షణాలు, పైనుంచి వచ్చిన శిక్షణ మాడ్యూల్లో ఇచ్చినవి మొత్తం ఏడు.

ఆదివారం మధ్యాహ్నం అంట్లు తోమి వచ్చి, నేల మీద చార్టు పరిచి, నీలం స్కెచ్ పెన్నుతో మొదలుపెట్టింది. కారణం లేకుండా పొద్దున్నే కడుపునొప్పి. పక్క తడపడం. అన్నం సయించకపోవడం. నాలుగోది రాయబోతుంటే చెయ్యి ఆగింది. రోజూ నవ్యశ్రీకి వాము నీళ్ళు తాగించేది ఆమె. తడిసిన దుప్పట్లు ఉతికేది ఆమె. రెండు నెలలుగా ఇదంతా ఈ చేతుల మీదుగానే పోయింది. లక్షణం అనుకోలేదు, పని అనుకుంది.

"పిల్లకు గాలి సోకింది" అని అత్త బాలలక్ష్మి పోయిన నెలే కొండగట్టు గుడికి తీసుకుపోయి దారం కట్టించుకొచ్చింది. "బడి ఎగ్గొట్టే నాటకాలు" అన్నాడు కరుణాకర్. "నా బిడ్డ అని నేను తేడా సూపెడుతలేను. తప్పు చేస్తే అందరికన్న ముందు దెబ్బ దానికే. ఒక్కలు వేలెత్తి సూపొద్దు." ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం ఆ పేపరు ఫోటోలో లాగే వెలిగింది.

చార్టు ముందు అలా ఆగిపోయి ఉండగానే స్నానాల గదిలోంచి నవ్యశ్రీ గొంతు వినిపించింది. ఎక్కం అప్పజెప్పుకుంటోందేమో అనుకుని రోజారాణి తలుపు దగ్గరికి పోయింది.

"నాది తప్పు సార్." కాస్త ఆగి, గొంతు లావు చేసి, "ఇనవడలే. గట్టిగ చెప్పు." మళ్ళీ సన్నగా, వణుకుతూ, "నాది తప్పు సార్!"

తలుపు తడితే సందులోంచి ఒక కన్ను కనిపించింది. "సార్ ఇంట్ల ఉన్నడా, అమ్మా?"

"ఏ సారు బిడ్డా?"

"మన సార్."

రోజారాణి చార్టు దగ్గరికి వచ్చి మిగతా లక్షణాలు పూర్తి చేసింది. అడుగున జాగా మిగిలితే, అదే నీలంతో, అదే దస్తూరితో ఇంకొకటి రాసింది. పేరు ఎవరిదీ రాయలేదు. చార్టు చుట్టి రబ్బరు బ్యాండు వేసింది.

మంగళవారం కరుణాకర్ మీటింగు నుంచి తొందరగా వచ్చాడు. చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడ్డాడు.

"ఎనిమిదోది మాడ్యూల్ల లేదు" అన్నాడు.

"లేదు. ఇంట్ల ఉన్నది."

"కన్నతండ్రిని ఇంట్ల కూడ సార్ అని పిలుసుడు... చదువుకుంట పోయిన, అందరి ముందర. ఎవ్వలకు సమజ్ కాలే. నాకైంది."

"గురువారం పెద్దాసుపత్రిల పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోతున్న. రేపటి సంది అది నీ క్లాసుల కూసోదు. అడుగుతలేను, చెప్తున్న."

రోజారాణి వెనక నవ్యశ్రీ హోంవర్కు వదిలి లేచి నిలబడింది. చేతులు వెనక్కి దాచుకుంది. క్లాసులోకి సారు వస్తే నిలబడ్డట్టే.

కరుణాకర్ పోయి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెదాలు కదిలాయి.

"సరే సార్" అంది నవ్యశ్రీ, అతను ఏమన్నాడో వినపడకుండానే.

వంటింట్లో బాలలక్ష్మి చేతిలోని గరిటె చప్పుడు ఆగింది. రోజారాణి గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది.

"ఇనవడలే" అంది. "గట్టిగ చెప్పు."

"నాది తప్పు బిడ్డా" అన్నాడు కరుణాకర్, ఈసారి వంటింటి దాకా వినపడేలా.