కర్రతో తెరుచుకునే మూత

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న స్టూలెక్కి, నోట్లో ఒక స్క్రూ, చేతిలో పాత టూత్‌బ్రష్షు పెట్టుకుని బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ మూత తుడుస్తుంటే, బయట నుంచి మా ఆయన "ఇంకా ఎంతసేపు? లోపల అంతసేపు ఏం చేస్తావు నువ్వు?" అన్నాడు. నోట్లో స్క్రూ ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు. లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో. నెలకోసారి చేసే పనికి నెలకోసారి అదే ప్రశ్న. ఆ మూత సందుల్లో పేరుకునేది మామూలు దుమ్ము కాదు. ఆవిరికి తడిసి, జుట్టుతోనూ సబ్బు జిడ్డుతోనూ కలిసి, బూడిదరంగు ముద్దలా అతుక్కుని ఉంటుంది. గోటితో గీకితే గాని ఊడదు. ఊడితే కళ్ళలో పడుతుంది, మెడ వెనక నుంచి వీపు మీదకి జారుతుంది. తుడవకపోతే నెల తిరిగేసరికి ఫ్యాను గురకపెడుతుంది, గోడ మూలల్లో నల్లగా బూజు పడుతుంది, ఇల్లంతా ముక్కు మూసుకుని "ఈ వాసనేమిటి?" అని నన్ను అడుగుతుంది. తుడిచిన నెల మాత్రం వాసన ఎందుకు రావట్లేదని ఎవరూ అడగరు. ఆ స్టూలుకి ఒక కాలు కాస్త పొట్టి. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో ఎవరైనా వచ్చి దాన్ని పట్టుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

రెండేళ్ళ కిందట అత్తయ్య ఆ స్టూలు మీద నుంచే పడింది. నేను ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఊళ్ళో లేను. ఫ్యాను గురక మొదలుపెట్టింది, కొడుక్కి నిద్ర చెడుతోందని ఆవిడ అరవై ఎనిమిదేళ్ళ వయసులో స్క్రూడ్రైవర్ పట్టుకుని పైకెక్కింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కొడుకు అన్న మొదటి మాట, "అసలు నిన్ను ఎక్కమని ఎవరన్నారమ్మా?" నిజమే, ఎవరూ అనలేదు. ఈ ఇంట్లో ఎవరూ అనకుండానే జరిగిపోయే పనులు ఎన్నున్నాయో లెక్క మొదలుపెడితే ఇక్కడే తెల్లారిపోతుంది. నేను ఉరుకులు పరుగుల మీద వచ్చి మంచం పక్కన కూర్చుంటే, నాతో మాత్రం "నువ్వు వెళ్ళే ముందు తుడిచేసి వెళ్ళాల్సింది" అన్నాడు. ఆ రోజు నోరెత్తలేదు. ఎత్తనందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. అత్తయ్య నాలుగు నెలలకి లేచింది గానీ కర్ర లేకుండా మళ్ళీ నడవలేదు.

ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే, ఆ ఫ్యాను మా కంపెనీదే. బాత్రూం ఫ్యాన్లు డిజైన్ చేయడమే నా ఉద్యోగం. పదిహేనేళ్ళుగా అదే పని.

మా ఆఫీసులో అన్నిటికన్నా పెద్ద మెచ్చుకోలు "అసలు ఉన్నట్టే తెలీట్లేదు" అనడం. ఒకప్పుడు ఫ్యాను అంటే గోడకి కన్నం, కన్నానికి రెక్కలు. తర్వాత గళ్ళ మూత వచ్చింది. ఇప్పుడు గళ్ళు కూడా కనపడకూడదట. సీలింగ్‌లో సీలింగ్‌లా కలిసిపోవాలి, చప్పుడు చేయకూడదు, లోపలి ఆవిరీ వాసనా అంతా తను మింగేయాలి, పైకి మాత్రం శుభ్రంగా తెల్లగా ఉండాలి. మొదటిసారి ఈ మాటలు మీటింగులో విన్నప్పుడు, నా గురించి మా ఆడపడుచు ఎవరికో ఫోన్లో చెప్పిన మాటలే గుర్తొచ్చాయి. "మా వదిన ఇంట్లో ఉన్నట్టే ఉండదు, అంత మంచిది" అంది. నేను పక్క గదిలోనే బట్టలు మడతపెడుతున్నాను.

అత్తయ్య పడ్డాక నేను కొత్త మూత ఒకటి గీయడం మొదలుపెట్టాను. నున్నటి పలక, సీలింగ్ రంగే, గళ్ళుండవు. అంచుల చుట్టూ సన్నటి సందు, గాలంతా అందులోంచి పోతుంది. స్క్రూలుండవు. ఒక మూల కింద నుంచి నొక్కితే లోపల స్ప్రింగు క్లిప్పు వదిలేసి, పలక తలుపులా కిందకి వేలాడుతుంది. నేల మీద నిలబడే పొడుగు బ్రష్షుతో తుడుచుకోవచ్చు. మళ్ళీ పైకి నెడితే టక్కుమని పడుతుంది. మొదటి నమూనా ఇంటికి తెచ్చి తలుపు పైన చెక్కకి బిగించి, అత్తయ్యని పిలిచాను. ఆవిడ అనుమానంగా చూసి, చేతికర్ర ఎత్తి మూలన పొడిచింది. మూత తెరుచుకుంది. ఆవిడ మళ్ళీ మూసింది, మళ్ళీ పొడిచింది. అలా ఏడెనిమిదిసార్లు. "ఇది అప్పుడే ఉండుంటేనా అమ్మాయ్" అని నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. ఆ రోజు నుంచి నా కొలత అదే. కర్ర చివరతో పొడిస్తే తెరుచుకోవాలి.

శుక్రవారం మీటింగులో ఆ క్లిప్పుని తీసేశారు.

బల్ల చుట్టూ ఎనిమిది మంది మగవాళ్ళు, నేను. మీటింగులో ఏమనుకున్నారో రాసిపెట్టే పని నాదే, ఎందుకంటే నా చేతిరాత బాగుంటుందట. కేటలాగ్ చూసుకునే ఆయన నా నమూనా ఫోటో ఒకటి బల్ల మీద పెట్టాడు. "సీలింగ్ కాగితంలా ఉండాలండీ. ఈ ఒక్క పక్క సందు కాస్త ఎక్కువుంది. ఫోటోలో గీతలా పడుతోంది."

"అటువైపు రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంటేనే మూత తిరుగుతుంది" అన్నాను. "ఆ సందు మూసేస్తే క్లిప్పు పనిచెయ్యదు."

"క్లిప్పు దేనికమ్మా?" అన్నాడు మా పెద్దసారు. ఆయన మా విభాగానికి అధికారి, ఇరవై ఏళ్ళుగా ఫ్యాన్లు అమ్ముతున్న మనిషి. "స్క్రూలు అంచుల్లో దాచి బిగించేస్తే సరిపోయె."

"మరి తుడవడానికి సార్?"

పెద్దసారు నా వైపు చూశాడు. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దాన్ని తుడవాలా?"

ఎవరూ నవ్వలేదు. మిగతా ఏడుగురి మొహాలూ చూశాను. వాళ్ళకీ అదే సందేహం. ఇరవై ఏళ్ళుగా ఫ్యాన్లు తయారుచేస్తున్న గదిలో ఒక్కరికి కూడా ఫ్యాను తుడవాలని తెలీదు.

"మీ ఇంట్లో ఎవరు తుడుస్తారు సార్?" అన్నాను.

"మా ఇంట్లోనా? పన్నెండేళ్ళయిందమ్మా పెట్టి. ఏనాడూ ఎవరూ ముట్టుకున్నది లేదు. చిన్న చప్పుడు కూడా ఉండదు. అంత మంచి సరుకు మనది!"

వాళ్ళావిడ నాకు తెలుసు. ఆఫీసు వాళ్ళందరం కలిసిన ఒక సాయంత్రం నన్ను పక్కకి పిలిచి, "ఆ మూత స్క్రూలు మరీ బిగుతుగా ఉంటున్నాయి, చెయ్యి కోసుకుపోతోంది. మీరు ఆడవాళ్ళు కదా, మీరైనా కాస్త చూడండి" అని మెల్లగా చెప్పింది. ఆ మాట బల్ల మీద పెట్టేద్దామనిపించింది. పెడితే ఆవిడకి ఇంట్లో ఏమవుతుందోనని మింగేశాను. ఇలా ఒకరి కోసం ఒకరం మింగుతూ పోతాం, ఆ ఎనిమిది మందికీ ఏమీ తెలియకుండానే ఉద్యోగాలైపోతాయి.

"డిజైన్ నీదే, ఎవరు కాదన్నారు?" అన్నాడు పెద్దసారు లేస్తూ. "ఈసారి కేటలాగ్‌లో డిజైనర్‌గా నీ పేరు వేయిద్దాం. సోమవారం స్క్రూల బొమ్మ మీద సంతకం పెట్టి ఇచ్చెయ్."

పదిహేనేళ్ళలో నా పేరు ఎక్కడా అచ్చుకాలేదు. ఆశపడలేదని అబద్ధం చెప్పను. కాగితం మీద "క్లిప్పు తీసేయడానికి అందరూ ఒప్పుకున్నారు" అని నా మంచి చేతిరాతతో నేనే రాశాను. రాశాక "అందరూ" అన్న మాట దగ్గర పెన్ను కాసేపు ఆగింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన టీవీ చప్పుడు కూడా తగ్గించలేదు. "పేరు వేస్తామంటున్నారుగా, ఇంకేం కావాలి? ఒక మూత కోసం ఇంత రాద్ధాంతమా? ప్రతిదాన్నీ పెద్దది చేసుకుంటావు నువ్వు." అత్తయ్య కుర్చీలోంచి, "అయితే ఇక కర్రతో తెరుచుకోదా?" అని అడిగింది. "తెరుచుకోదు అత్తయ్యా" అన్నాను. ఆవిడ లేచి, కర్ర టక్కుటక్కుమంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

శనివారం మా పాత మూత ఊడదీసి నా నమూనా బిగించాను. ఎందుకంటే ఏం చెప్పను, ఉక్రోషం. లోకంలో ఒక్క బాత్రూంలోనైనా అది ఉండాలనిపించింది. అత్తయ్య గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఫోన్ లైటు చూపించింది. స్టూలు ఊగుతుంటే, కర్ర చివర దాని పొట్టికాలు కింద దోపి గట్టిగా పట్టుకుంది. పదకొండేళ్ళలో ఆ స్టూలు ఊగకపోవడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

ఆదివారం మా ఆయన స్నానం చేసి వచ్చాడు. ఏమీ గమనించలేదు. తింటున్నప్పుడు నేనే చెప్పాను, కొత్త మూత పెట్టానని. "మంచి పని చేశావు" అన్నాడు, ప్రేమగానే. "ఇక నీకు పని తేలికైపోయింది. స్టూలెక్కక్కర్లేదు."

నీకు. ఆ ఒక్క మాట దగ్గర నా చేతిలో ముద్ద ఆగిపోయింది. తప్పు ఆయన మాటలో ఉందనే అనుకున్నాను మొదట. చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్ళి, సోమవారం ఇవ్వాల్సిన కాగితాలు తీశాను. నా డిజైను మొదటి పేజీలోనే, "తుడిచేవారు" అని నేనే గీసుకున్న గడి ఉంది. దాంట్లో "గృహిణి, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు" అని ఉంది. నా చేతిరాతే. ఎవరూ రాయమనలేదు. పెద్దసారు కాదు, కేటలాగ్ ఆయన కాదు, మా ఆయన కాదు. నా ఎత్తు నేనే కొలిచి నేనే రాసుకున్నాను. రెండేళ్ళు తలబద్దలు కొట్టుకుని నేను చేసిందల్లా ఆ పని నాకు తేలిక చేసుకోవడం. అది నాది ఎందుకయిందని ఒక్కరోజు కూడా అడగలేదు. ఆ ఎనిమిది మందికి తుడవాలని తెలీదు, సరే. వాళ్ళు కూడా తుడవచ్చని నాకు తట్టలేదే! కోపం తన్నుకొచ్చింది, ఈసారి సగం నా మీద.

పొడుగు బ్రష్షు తీసుకుని హాల్లోకి వచ్చాను. "లోపలి రెక్కలు తుడవడం మిగిలింది. మీరు తుడవండి" అన్నాను.

"నేనా?"

"తేలికేగా."

"సాయంత్రం చూద్దాంలే."

"ఇప్పుడు."

నా గొంతు విని ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఎప్పుడూ అంతే, నా మాట బరువెక్కితే అటు చూస్తాడు. ఎప్పుడూ ఆవిడ "పోనీలేమ్మా, నేను చేస్తాను" అంటుంది. ఈసారి కుర్చీలోంచి లేవకుండానే చేతికర్ర ముందుకి చాపింది. "ఇదిగోరా. మూలన పొడువు, తెరుచుకుంటుంది."

ఆయన కర్ర ఒక చేత, బ్రష్షు ఒక చేత పట్టుకుని లోపలికి వెళ్ళాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గుమ్మంలోంచి చూస్తే, తల పైకెత్తి గుండ్రంగా తిరుగుతున్నాడు.

"ఎక్కడుంది?" అన్నాడు.

పదకొండేళ్ళుగా రోజూ దాని కిందే స్నానం చేస్తున్నాడు. అత్తయ్య నన్ను చూసింది, నేను అత్తయ్యని చూశాను. ఇద్దరిలో ఎవరమూ అటు కదల్లేదు. "వెతకండి, దొరుకుతుంది" అన్నాను. ఇంకాసేపటికి టక్కుమని చప్పుడైంది, ఆ వెంటనే ముద్దగా ఏదో నెత్తిన పడిన చప్పుడు, "ఛీ, ఇంత చెత్తా!" అన్న కేక. నవ్వు ఆపుకోవడం ఇద్దరికీ కష్టమైంది.

సోమవారం ఆఫీసులో ముందుగా ఆ గడిలో "గృహిణి" కొట్టేసి "ఇంట్లో ఎవరైనా" అని రాశాను. స్క్రూల బొమ్మ పక్కన పెట్టేశాను. నా బొమ్మలో క్లిప్పు అలాగే ఉంచి, మూత మీద పొడవాల్సిన మూలన మిరియపు గింజంత నల్లచుక్క ఒకటి పెట్టాను. ఎవరూ ఎక్కడుందని అడగక్కర్లేకుండా. కింద సంతకం చేసి పంపించాను. పది నిమిషాల్లో పెద్దసారు ఫోన్ చేశాడు. కేటలాగ్‌లో పేరు సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

"ఏమిటమ్మా ఇది, అంత తెల్లటి సీలింగ్ మీద నల్లచుక్క? లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడికీ కనపడుతుంది కదా!"

"అవును సార్" అన్నాను. "కనపడాలనే పెట్టాను."