దేవయ్య గొంతుకు నాలుగు స్పీకర్లు

స్వామిదాసు ఆటో వెనక సీటు కింద బోర్లా పడుకుని, స్పీకరు కాగితం మీద బొటనవేలు ఆనించి, రెండో చేత్తో బ్యాటరీ తీగలు తాకించాడు. కాగితం వేలిని చిన్నగా బయటికి తోసింది. సరే. రెండో స్పీకరుకు జరిగాడు. అదీ తోసింది. ఆటోవాడు పక్కన నిలబడి ఏదో అడుగుతూనే ఉన్నాడు. స్వామిదాసు తల ఊపాడు. ఏం అడిగినా తల ఊపితే సగం సార్లు సరిపోతుందని ఈ రెండేళ్లలో తెలిసివచ్చింది. మిగతా సగానికి "ఈ చప్పుడుల ఏం ఇనవడ్తది భాయ్" అంటే చాలు. కామారెడ్డిలో నిజామాబాద్ రోడ్డు మీద చప్పుడుకు కరువేం లేదు.

ఆ బ్యాటరీ గోడ గడియారంలో వేసే చిన్నది. ఒక కొసకు ఎర్ర తీగ, ఇంకో కొసకు నల్ల తీగ అతికించి, పైన నల్ల టేపు చుట్టి, పదిహేనేళ్లుగా జేబులో మోస్తున్నాడు. బ్యాటరీ అయిపోతే మారుస్తాడు. తీగలు మాత్రం అవే.

స్పీకరుకు రెండు తీగలుంటాయి. అటుది ఇటు తగిలించినా పాట వస్తుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. కాని ఒక తలుపులో కాగితం బయటికి తోస్తుంటే, ఎదుటి తలుపులో లోపలికి గుంజుతుంటే, ఆ రెండు చప్పుళ్లూ బండి నడుమ కొట్టుకుని చస్తాయి. ఎక్కువ చచ్చేది మనిషి గొంతే. నడి సీట్లో కూర్చున్నవాడికి అది డొల్లగా, గోనెసంచి వెనక నుంచి వచ్చినట్టు ఉంటుంది.

ఒకప్పుడు స్వామిదాసు దీన్ని చెవితో పట్టేవాడు. ఎల్లారెడ్డిలో ఆరో తరగతి నడుమ బడి మానేసి రేడియోలు బాగుచేసే దుకాణంలో కూర్చున్నప్పటి నుంచీ అతనికి ఉన్న ఆస్తి ఆ చెవులే. క్రిస్మస్ వస్తే చర్చి మైకు అతనే కట్టాలి. జీపులకు క్యాసెట్ ప్లేయర్లు అతనే బిగించాలి. ఇరవై రెండేళ్ల కింద మహేందర్ సేటు కామారెడ్డిలో కార్ల సామాను దుకాణం తెరిచి పిలిస్తే వచ్చాడు. పొద్దున లింగంపేట మీదుగా బస్సు, సాయంత్రం అదే బస్సు. తర్వాత పెళ్లిళ్ల డీజేల కాలం వచ్చింది. డీసీఎం వ్యాన్లలో మనిషెత్తు స్పీకరు డబ్బాలు పేర్చి, తలుపులు మూసి, లోపల ఒక్కడే నిలబడి పరీక్ష చేసేవాడు. ఛాతీలో ఎముకలు కదిలేవి. ఐదేళ్లు ఆ పని చేశాడు. దుకాణం మీద రెండో అంతస్తు ఆ ఐదేళ్లలోనే లేచింది. అతని చెవులు కూడా ఆ ఐదేళ్లలోనే పోయాయి. ముందు ఎడమది, తర్వాత కుడిది. గట్టిగా అరిస్తే కుడి చెవిలో ఏదో కదులుతుంది, అంతే. ఇంట్లో భార్య రూత్ ముందు భుజం మీద తట్టి, అతను ముఖం తిప్పాక మాట మొదలుపెడుతుంది. బయట ఎవరికీ తెలియదు. పెదవులు చదవడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఆకలి నేర్పింది.

మహేందర్ సేటుకు పక్షవాతం వచ్చి ఇంట్లో పడ్డాక కొడుకు అరుణ్‌కుమార్ గల్లా మీద కూర్చున్నాడు. పోయిన నెల రెండు కార్లు వాపసు వచ్చాయి, గొంతు డొల్లగా వస్తోందని. అప్పుడు అరుణ్‌కుమార్ దగ్గరికొచ్చి, ఒక్కో మాటా నమిలి అన్నాడు: "దాసన్నా, ఇంకొక్క బండి వాపస్ వచ్చిందంటే నాతోని కాదు. నిజామాబాద్ నుంచి మనిషి తయారుగున్నడు."

ఆ మాట స్వామిదాసుకు బాగానే అందింది. యాభై నాలుగేళ్లవాడిని, అదీ చెవిటివాడిని, ఇంకే దుకాణం పెట్టుకుంటుంది? ఆ రోజు నుంచి ప్రతి స్పీకరుకూ వేలు ఆనిస్తున్నాడు.

పది దాటాక టవేరా కారు వచ్చి ఆగింది. పాతది. మొన్నటి వానాకాలం వరదకు సీట్ల దాకా మునిగిందట. తలుపు అంచుల్లో ఇంకా ఒండ్రు గీత ఉంది. నడిపేవాడు మహిపాల్, ఎల్లారెడ్డి దాటినాక పోచారం దిక్కు పల్లె, మక్కజొన్న రైతు. వెంట అతని తల్లి రాములవ్వ. అరుణ్‌కుమార్ లోపలికి పిలిచి గల్లా మీద డబ్బాలు పరిచాడు. నిగనిగలాడే పెద్ద జత ఒకటి ముందుకు జరిపాడు.

"ఇగో, గిది పెట్టుకో అన్నా. బేస్ కొడితే అద్దాలు అదురుతయి."

మహిపాల్ కళ్లు దాని మీదే ఆగాయి. స్వామిదాసు దగ్గరికి వెళ్లి అతని ముఖంలోకి చూస్తూ అడిగాడు. "బండిల ఏం ఇంటరు?"

"ఏముంటది అన్నా, పాటలు."

రాములవ్వ కొడుకు మోచేయి మీద చిన్నగా కొట్టింది. "పాటలు నీయి. నాకు మీ బాపు మాటలు ఇనవడాలె. అందుకే గదరా వచ్చింది?"

మహిపాల్ కొంచెం సిగ్గుపడ్డాడు. తండ్రి దేవయ్యకు రాయడం రాదు. ఏం చెప్పాలన్నా ఫోన్లో మాట రికార్డు చేసి పంపేవాడు. యాసంగిలో నాట్లు కాకముందే పోయాడు. ఉన్న మాటలన్నీ మహిపాల్ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాడు. ఇంట్లో ఫోన్‌లో పెడితే ముసలిదానికి ఏడుపు వస్తుంది. బండిలో పెడితే మాత్రం, ముందు సీట్లో ఆయన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుందట. వరద తర్వాత స్పీకర్లు బరబరమంటున్నాయి.

స్వామిదాసు నిగనిగలాడే జతను పక్కకు నెట్టి, కింది అరలోంచి దుమ్ము పట్టిన డబ్బాలు రెండు తీశాడు. లోపల మామూలు నల్ల కాగితం స్పీకర్లు, జతకు రెండు.

"గవ్విట్ల గుండె అదురుతది గని మనిషి మాట మునుగుతది. గివి పెట్టుకో. చూపులకు బాగుండయి. మాట మాత్రం మాట లెక్కనే వస్తది."

అరుణ్‌కుమార్ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వులో పళ్లు మాత్రమే ఉన్నాయి. రాములవ్వ ఆ కాగితాన్ని వేలి కొసతో తడిమి, "గివే," అంది.

స్వామిదాసు పని మొదలుపెట్టాడు. తలుపుకు మరలు ఊడదీసి, దువ్వెన ముక్కను గీకి చేసుకున్న బద్దను సందులో దూర్చి, అట్ట విరగకుండా ఒక్కో క్లిప్పూ పైకి లేపాడు. తలుపు కడుపులో ఎండిన బురద, ఒక చెప్పు పట్టీ, ఒక జడ పిన్ను, తడిసి ఆరిన అగ్గిపెట్టె. తలుపులో ఏం దొరికినా బండి ముందు అద్దం కింద పెట్టాలి. ఆ నియమం అతను ఇరవై రెండేళ్లలో తప్పలేదు. అగ్గిపెట్టెను తడిమి, దేవయ్యదని గుర్తుపట్టి రాములవ్వ దాన్ని కొంగున కట్టుకుంది. మహిపాల్ పురుగుమందుల దుకాణానికి పోయాడు. దుకాణంలో మిగతావాళ్లు ఇంకో కారుకు అద్దాల ఫిల్మ్ అతికిస్తున్నారు.

ఎడమ వెనక తలుపు రంగు కొంచెం తేడాగా ఉంది. స్వామిదాసు వేలితో చూపించాడు.

"ట్రాక్టర్ గుద్దింది కొడుకా," అంది రాములవ్వ. "పాత సామాన్ల దుకాణంకెళ్లి తెచ్చి ఏసినం."

అతని మనసులో ఏదో మెదిలింది. తీగలు ఎవడు కలిపాడో! ఇప్పుడు స్పీకరు దగ్గర బ్యాటరీ పెట్టి చూస్తే చాలదు. డ్యాష్‌బోర్డులోని పాటల టేప్ వెనక, తీగల మొదట్లో తాకించాలి. అవతల తలుపు దగ్గర ఇంకొకరు చూడాలి. కాగితం కదిలేది నూలు వాసి. ఒకప్పుడైతే టప్ మన్న ఆ చిన్న చప్పుడులోనే తేడా తెలిసేది.

"అవ్వా, జర గీడ చెయ్యి పెడ్తవా? నేను గాడికెళ్లి తాకిస్త. కాగితం నీ ఏలును బయటికి తోసిందా, లోపలికి పోయిందా చెప్పాలె."

"నాకు కండ్లు ఆనయి కొడుకా."

"కండ్లెందుకు? ఏలుతోనే."

ఆమె నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు. "ఏళ్లయితే మంచిగున్నయి. నలభై ఏండ్లకెళ్లి బీడీలు చుడుతున్న. తంబాకు ఒక్క పలుకు ఎక్కువైనా ఏలు చెప్తది. కండ్లు పోయినయని తెల్వనోళ్లు లేరు, అయినా నా బీడీ ఒక్కటి వాపస్ రాదు."

స్వామిదాసు ముందు సీట్లోంచి వంగి, టేప్ వెనక తీగలు తాకించాడు. తల ఎత్తి ఆమె నోటి వైపు చూశాడు.

"బయటికి."

అది కుడి వెనక తలుపు. ముందువి రెండూ తానే చూసుకున్నాడు. ఎడమ వెనక తలుపుకు ఆమెను తీసుకెళ్లి వేలు పెట్టించాడు. తాకించాడు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"మల్లొక్కపారి."

మళ్లీ తాకించాడు.

"లోపలికి పోయింది. గీడ నా ఏలు కిందనే లేదు."

తను గమనించకుండా ఈ బండిని పంపి ఉంటే రేపే వాపసు వచ్చేది. ఆ తలుపు తీగలు కోసి, తిప్పి కలిపి, టేపు చుట్టాడు. మళ్లీ పెట్టించాడు. "ఇప్పుడు తోసింది," అంది ఆమె. తర్వాత, అతను ఏమీ అడగకుండానే, అతని చెవిని చూపించి చెయ్యి తిప్పింది. ఇనరాదా? అతను రాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఈ సంగతి రూత్‌కు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఆమె మాత్రం, కాళ్లకు చెప్పులు లేవంటే ఎలా చూస్తారో అలా చూసి ఊరుకుంది.

నాలుగవుతుండగా మహిపాల్ వచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టాడు. రాములవ్వ నడి సీట్లో కూర్చుంది. స్వామిదాసు తలుపు మీద అరచెయ్యి పెట్టాడు. అరచేతి కింద దేవయ్య చిన్నచిన్న తోపులుగా మాట్లాడాడు. రాములవ్వ ముఖం చూస్తే తెలిసిపోయింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకోలేదు. ఎవరో పిలిస్తే పలకబోయినట్టు నోరు తెరిచింది.

తర్వాత స్వామిదాసు బ్యాటరీని నడి సీటు తలుపు అరలో పెట్టి, ఆఖరి తలుపు అట్ట బిగిస్తూ ఉన్నాడు. బండి పక్క అద్దంలో గల్లా కనబడుతోంది. రాములవ్వ గల్లా ముందు నిలబడి అరుణ్‌కుమార్‌తో మాట్లాడుతోంది. చేతులు తిప్పుతోంది. సంతోషంగా ఉంది. వేలు చూపించింది, ఆ వేలిని గాలిలో ముందుకు తోసి చూపించింది. తర్వాత అదే వేలు తన చెవి దగ్గరికి పోయింది. రెండుసార్లు తట్టింది. ఇటు దిక్కు తిరిగి స్వామిదాసును చూపించి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

చెవులు వినబడకపోయినా చేతితో పట్టాడని మెచ్చుకుంటోంది. నలభై ఏళ్లు వేళ్లతో బతికిన మనిషి. ఆమె లెక్కలో అది గొప్ప. ఇంకోలా ఉంటుందని ఆమెకు ఎలా తెలుస్తుంది?

స్వామిదాసు మరను తిప్పుతూనే ఉన్నాడు. అది ఎప్పుడో బిగిసిపోయింది.

అద్దంలో అరుణ్‌కుమార్ దగ్గరికి రావడం కనబడింది. వెనకే నిలబడ్డాడు. పెదవులు కదిలాయి: దాసన్నా. స్వామిదాసు చటుక్కున తిరిగి, "ఆ, సేట్," అన్నాడు. అరుణ్‌కుమార్ ఒక్క నిమిషం తికమకపడ్డాడు. స్వామిదాసుకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు అరుణ్‌కుమార్ మీసం తుడుచుకుంటున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. చెయ్యి వెనక దవడ కదిలింది. కళ్లు మాత్రం స్వామిదాసు కళ్లలోనే ఉన్నాయి.

"ఈ చప్పుడుల ఏం ఇనవడ్తది సేట్," అన్నాడు స్వామిదాసు.

అప్పుడు రోడ్డు మీద ఒక్క బండీ లేదు.

అరుణ్‌కుమార్ చెయ్యి దించాడు. కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది. "ఏం లేదన్నా. రేపు రాకు. బాపుతోని మాట్లాడి నేనే ఫోన్ చేస్త," అన్నాడు. ఫోన్ చేస్తాడట. చేస్తే ఎవరు వింటారు?

స్వామిదాసు పానాలు, బద్ద, టేపు చుట్ట సంచిలో వేసుకున్నాడు. తనవి అని చెప్పుకోవడానికి ఆ దుకాణంలో ఇంకేమీ లేవు. ఇంకో కారుకు ఫిల్మ్ అతికిస్తున్నవాళ్లు తల ఎత్తలేదు. మహిపాల్ బండి తలుపు తెరిచి పట్టుకుని పిలిచాడు: "ఎల్లారెడ్డేనట గద అన్నా, మా బండిల్నే రా. బస్సెందుకు?"

నడి సీట్లో రాములవ్వ పక్కన కూర్చున్నాడు. లింగంపేట దాకా మక్క చేన్లు కోసి మోళ్లు మిగిలి ఉన్నాయి. దేవయ్య మాటలు మళ్లీ పెట్టారు. స్వామిదాసు తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. అది చూసి రాములవ్వ అతని మోకాలు తట్టి, తన వైపు తిప్పుకుని, ఒక్కో మాటా పెదవులతో మళ్లీ చెప్పసాగింది.

"'అరె మైపాల్, యూరియా లైన్ల చెప్పులు పెట్టిన. ఎవడో నా చెప్పులు ఎనుకకు జరిపిండు' అంటున్నడు."

స్వామిదాసు తల ఊపాడు.

"'వచ్చేటప్పుడు మీ అవ్వకు కండ్ల మందు తే. మర్శిపోయి ఊకె రాకు' అంటున్నడు." చెబుతూ ఆమె కొంగులోని అగ్గిపెట్టెను నలిపింది. కాసేపటికి మళ్లీ మోకాలు తట్టింది. "మీ సేటుకు నీ సంగతి మంచిగ చెప్పిన కొడుకా. నవ్విండు. రేపటికెళ్లి నీకు ఎంత ఇజ్జత్ ఇస్తడో చూడు."

అతను మళ్లీ తల ఊపాడు. "అవునవ్వా," అన్నాడు.

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర దిగి సంచి భుజాన వేసుకున్నాడు. రాములవ్వ కిటికీలోంచి ఏదో అంది. మసక వెలుతురులో పెదవులు అందలేదు. టవేరా పోచారం రోడ్డు పట్టింది. ఇంటికి పోయే సందు ఎడమ వైపు. అతను బండి పోయిన దిక్కు చూసి, తర్వాత ఎడమకు నడిచాడు. రూత్ భుజం మీద తట్టినప్పుడు ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి ఆ సందు చాలా చిన్నది.

టవేరాలో దేవయ్య ఇంకా కండ్ల మందు గురించి చెబుతూనే ఉన్నాడు. నడి సీటు తలుపు అరలో స్వామిదాసు మరిచిపోయిన చిన్న బ్యాటరీ, ఎర్ర తీగ, నల్ల తీగ చుట్టుకుని, బండి మలుపు తిరిగినప్పుడల్లా అటు దొర్లి, ఇటు దొర్లి, తలుపుకు తగులుతోంది.