అరవై రెండు తీసేస్తే

గొర్రెపిల్లలు ఎదగడం లేదని నెలన్నర బెంగపెట్టుకున్నాను. నేను బెంగపెట్టుకోవలసింది వాటి గురించి కాదు, వాటిని ఎత్తుకున్న మనిషి గురించి. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయినా చెబుతాను.

ముప్పై ఏళ్ళు లారీల కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసి మానుకున్నాక, ఊరికే కూర్చోలేక ఐదు గొర్రెపిల్లల్ని కొన్నాను, మాంసానికి పెంచి అమ్మేద్దామని. ఇంటి వెనక ఉన్న గడ్డి నేల పావు ఎకరం. అది ఐదింటికి చాలదని అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ చెప్పారు. చెప్పినకొద్దీ నాకు పంతం పెరిగింది. వలలు కట్టి నేలను ఏడు మళ్ళు చేశాను. ఒక్కో మడిలో మూడేసి రోజులు మేపడం, గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తుకు రాగానే పక్క మడిలోకి తోలడం. అంతకన్నా కిందికి కొరకనిస్తే గడ్డి మళ్ళీ త్వరగా లేవదు, పైగా మొదళ్ళలో ఉండే పురుగు వాటి కడుపులోకి పోతుంది. మేత చాలనందుకు సాయంత్రం తలా రెండు వందల గ్రాముల దాణా పెట్టేవాణ్ణి: నలగ్గొట్టిన మొక్కజొన్నలు, తవుడు, కాస్త వేరుశనగ చెక్క.

ఆదివారం పొద్దున తూకం. నా నడుం మంచిది కాదు, బరువెత్తకూడదు. అందుకని మా ఆవిడ ఒక్కో పిల్లనూ ఎత్తుకుని, మనుషులు బరువు చూసుకునే మిషను మీద నిలబడేది. చేతుల్లో పిల్ల ఉండగా ఆవిడకు కింద అంకె కనిపించదు. నేను పీట వేసుకుని కూర్చుని అంకె చదివి, అందులోంచి ఆవిడ బరువు తీసేసి, మిగిలింది పుస్తకంలో రాసేవాణ్ణి. ఆవిడ బరువు అరవై రెండు. మొదటి రోజే చూశాం.

కొన్నప్పుడు పిల్లలు తలా పద్నాలుగు కిలోలు. వారానికి కిలో పైచిలుకు పెరగాలి. రెండు వారాలు బాగానే పెరిగాయి. ఆ తర్వాత పావుకిలో, మరో వారం అదీ లేదు. ఐదూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే ఆగిపోయాయి.

"తిన్న దాణా అంతా ఏ గంగలో కలుస్తోందే?" అన్నాను ఒక ఆదివారం.

"ఎదగకపోవడమేమిటండీ? ఎత్తలేక నా చేతులు పడిపోతుంటేనూ!"

"అంకె నా కళ్ళ ముందుంది. నీకే ఓపిక తగ్గింది."

"తగ్గిందేమోలెండి," అని చెంబెడు నీళ్ళు గటగటా తాగి లోపలికి వెళ్ళింది.

దాణా వారానికి యాభై గ్రాముల చొప్పున పెంచాను. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి పడిపోతాయి. పురుగుల మందు తాగించాను. రోడ్డు పక్క చెట్ల కొమ్మలు కోసుకొచ్చి కట్టాను. రోజూ ఐదింటి వెన్నూ తడిమి చూసేవాణ్ణి. వేళ్ళకు ఎముక తగలడం లేదు, కండ చక్కగా పట్టింది. అయినా నా చేతిని కాదని నా పుస్తకాన్నే నమ్మాను. "ఈ కొంపలో ఎదుగుతున్నది నేనొక్కణ్ణే," అని పొట్ట నిమురుకుంటూ వేళాకోళమాడాను. ఆవిడ నవ్వి, భుజం మీంచి జారిపోతున్న జాకెట్టును పైకి లాక్కుంది. అదీ చూశాను. చూసి ఊరుకున్నాను.

ఎనిమిదో వారం మాంసం కొట్టాయన వచ్చాడు. వేలాడే కాటా తెచ్చుకుని, గుడ్డ ఉయ్యాల్లో నల్లచెవి పిల్లను వేసి పైకెత్తాడు. ఇరవై మూడు.

"నీ కాటా పాడైంది. దీని బరువు పదిహేడు," అన్నాను.

"బాగుంది బాబాయ్! నా కాటా ఎక్కువ చూపిస్తే మునిగేది నేనే కదా?"

నిజమే. కట్టు విప్పని ఇరవై కిలోల దాణా బస్తా ఉంటే దాన్ని అతని కాటాకు తగిలించాం. ఇరవై. మా మిషను మీద పెట్టాం. ఇరవై.

"కాటా మంచిదే, మిషనూ మంచిదే. ఇక మిగిలింది నేనే," అంటూ మా ఆవిడ చెప్పులు విడిచి, ఖాళీ చేతులతో మిషనెక్కింది.

యాభై ఆరు.

ముప్పై ఏళ్ళు నేను చేసిన ఉద్యోగంలో మొదటి పాఠం ఒకటే: సరుకు దింపాక ఖాళీ లారీని ప్రతిసారీ తూచాలి, పాత చీటీ చూసి రాయకూడదు. ఇనప లారీకే అంత జాగ్రత్త పడ్డవాణ్ణి, మనిషి బరువు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆవిడ దగ్గర తరిగిపోయినదాన్ని గొర్రెపిల్లల పేరున రాసుకుంటూ వచ్చాను.

"పిన్నిని డాక్టరుకు చూపించు బాబాయ్. పిల్లల్ని వచ్చే వారం తీసుకెళ్తాలే," అని కొట్టాయన కాటా సర్దుకున్నాడు.

మర్నాడే వెళ్ళాం. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, షుగరు బాగా ముదిరిందనీ, ఇంకో నెల ఆగితే కష్టమయ్యేదనీ, మందులు వాడితే అదుపులోకి వస్తుందనీ చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతున్నారీవిడ?"

మా ఆవిడ వైపు చూశాను.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? పొద్దున ఏం తింటున్నారు?"

నల్లచెవి పిల్ల ఏం తింటుందో అడిగి ఉంటే గ్రాములతో సహా చెప్పేవాణ్ణి. నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడే మెల్లగా చెప్పింది: "నాలుగైదు సార్లు లేస్తానండి. నెలన్నర అయింది. పొద్దున టీ తాగి ఊరుకుంటున్నాను, తినబుద్ధి కావట్లేదు."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పానండి. ఓపిక లేదని వారం వారం చెబుతూనే ఉన్నాను."

డాక్టరమ్మ మందుల చీటీ రాసి నాకు అందించబోయింది. నేను చెయ్యి చాచేలోపలే మా ఆవిడ అందుకుంది.

"నాకివ్వండి డాక్టరుగారూ. ఆయన చేతికిస్తే ఈ మాత్రలు కూడా గొర్రెలకే వేస్తారు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి తన సంచీలో వేసుకుని లేచింది.